అడుగక నిలిపిన బండి

అనంతపురము, హిందూపురము, గుంతకల్లు, తాడిపత్రి వంటి ఊళ్లలో క్రొత్తగా వెలసిన వీథులయందు ఇటీవలి కాలమున తఱచుగా వినవచ్చుచున్న తగవు ఒకటి కలదు. పొలము గట్టును గూర్చియో, బోరుబావి నీటిని గూర్చియో మన సీమలో తగవులు పడుట ప్రాతమాట. ఇది పరుని యింటి ఆవరణలో, యజమాని నడుగక, అపరిచితుడు నిలిపిపోయిన కారును గూర్చిన తగవు. ధర్మవిచారమున కిది తగిన వస్తువేనా యని కొందఱు నవ్వవచ్చును. ఆ నవ్వు వీథిలో చొక్కాలు పట్టుకొనుట చూచువఱకే నిలుచును.

ఒక గృహస్థు కలడనుకొందము. ఉద్యోగము ముగిసిన పిమ్మట చేతికి వచ్చిన సొమ్ముతోను, బ్యాంకు అప్పుతోను అతడు ఊరివెలుపలి వీథిలో ఇల్లు కట్టుకొనినాడు. చుట్టును ప్రహరీగోడ, ముందు ఇనుప గేటు, గేటు నుండి గడపదాక సిమెంటు పఱచిన బాట, ఆ బాటపై అతని పాత కారు. గేటు ప్రక్కను ఒక కానుగ చెట్టు. వీథి చివర కల్యాణమండపము. అది వైశాఖమాసము, ముహూర్తములును మెండు, ఎండయు మెండు. పెండ్లికి వచ్చిన అపరిచితు డొకడు, వీథి యంతయు వాహనములతో నిండియుండుట చూచి, తెఱచియున్న గేటును, కానుగ నీడను చూచి, తన కారును తిన్నగా లోపలికి పోనిచ్చి, యజమాని కారు వెనుక నిలిపి, తాళము వేసికొని పోయినాడు. అరగంటలో రావలెననుకొనినవాడు చుట్టపక్కముల మాటలలో పడి, భోజనముల బంతిలో కూర్చుండి, మూడుగంటలు గడపినాడు. ఈ లోపల ఇంటిలోని వృద్ధురాలికి ఆయాసము హెచ్చినది. కారు తీయుటకు దారి లేదు. వెనుకనున్న కారు ఎవరిదో తెలియదు. మండపమున మైకులో చెప్పించినను నాదస్వరపు మ్రోతలో వినినవారు లేరు. తుదకు ఆటోను పిలిచి ఆమెను ఆసుపత్రికి చేర్చినారు. తల్లికి ప్రమాదము తప్పినదని వైద్యులు చెప్పిన పిమ్మట ఇంటికి తిరిగివచ్చిన గృహస్థు, ఇంకను కదలకయున్న ఆ కారును చూచి, నాలుగు చక్రముల గాలియు తీసివైచినాడు.

కొంతసేపటికి తాంబూలపు సంచి చేతబట్టుకొని అపరిచితుడు వచ్చినాడు. “ఖాళీగా నున్న చోటే కదన్నా! రవంతసేపు నీడకు నిలిపితే నీ సొమ్మేమి పోయినది?” అని అతడు. “నా చోటు నా యిష్టము. నన్నడిగితివా?” అని ఇతడు. మాట పెరిగినది. తల్లి సంగతి విని అపరిచితుడు మొదట తగ్గినాడు గాని, చక్రములను చూచి మరల హెచ్చినాడు. పెద్దవారు నడుమ నిలిచి, “పోనీలే సామీ, ఇంతటితో విడువుడు” అనిరి. ఎవరును విడువలేదు. ఇటువంటి తగవులలో ఎవరును విడువరు.

గృహస్థు తల్లికి కలిగిన కష్టము ఎదుట నుండుటచే ఈ సంగతిలో తప్పెవరిదో సులభముగా తోచును. ఆ కష్టమును ఒక నిమిషము ప్రక్కన బెట్టి చూడవలెను. ఆ దినమున వృద్ధురాలు క్షేమముగా నిదురించుచుండెననియు, ఇంటివారికి కారుతో పనియే లేదనియు అనుకొందము. అపరిచితుని కారు మూడుగంటలు నిలిచి వెడలిపోయినది. సిమెంటు అఱగలేదు. నీడ తఱుగలేదు. అప్పుడు “నీ సొమ్మేమి పోయినది?” అను ప్రశ్నకు సమాధాన మేమి? చాలమంది ఈ ప్రశ్న వినిన వెంటనే కోపము తెచ్చుకొందురు గాని సమాధానము చెప్పరు. ఏలయన అది చూచినంత తేలిక ప్రశ్న కాదు.

మొదట తోచు సమాధానము శ్రమను గూర్చినది. అనంతపురము సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు సకాలమున కురిసిన యేట. ఇట్టి నేలపై వీథిప్రక్క కానుగ మొక్క తనంతట తాను చెట్టు కాదు. మొదటి మూడు నాలుగు వేసవులు దానికి బిందెతో నీరు మోయవలెను. మేకలకు అందకుండ ముండ్లకంప కట్టవలెను. ట్యాంకరు నీరు కొనుక్కొను దినములలో సయితము పాత్రలు కడిగిన నీరు దాని పాదున పోయవలెను. కావున ‘ఖాళీ చోటు’ అను మాట ఈ సీమలో సరికాదు. నీడ యున్న చోట ఎవరో ఒకరు నీరు మోసిరని అర్థము. అయినను ఈ సమాధానము సగమే. గేటు ప్రక్క చెట్టు లేక, ఒట్టి యెండ పడు సిమెంటు నేలయే యైనను, అడుగక నిలుపుట తప్పుగనే తోచును కదా. ఆ తప్పు ఎచ్చటనున్నది?

పూర్వపు ఇండ్ల కట్టడము ఇచ్చట కొంత ఉపకరించును. మన పల్లెల పాత ఇండ్లకు వీథివైపున అరుగు లుండెడివి. జగిలి యని ఇచ్చటి వాడుక. గడపకు ఈవల, వీథికి ఆవల నుండు ఆ రాతి తిన్నె ఇంటివారిదియే యైనను, దారిన పోవువానికి కూర్చుండు చోటుగను, ప్రొద్దుపోయిన వానికి పండుకొను చోటుగను ఉపయోగపడెడిది. సంతకు పోవు బండ్లు చెట్టుక్రింద విడిసి, ఎద్దులకు దాణా పెట్టుకొని, తెల్లవాఱుజామున కదలెడివి. అందుకై ఎవరును బాడుగ పుచ్చుకొనలేదు. కాని ఒక మాట మాత్రము తప్పక నడచెడిది. బండి దిగినవాడు వాకిటిముందు నిలిచి, “ఏమప్పా, ఈ పొద్దుకు ఈడ నిలుపుకొందునా?” అని అడిగెడివాడు. లోపలినుండి “నిలుపుకో అన్నా, దానికేమి” అని బదులు వచ్చెడిది. ఆ బదులు వచ్చునని అడుగువానికి ముందే తెలియును. తెలిసియు అడిగెడివాడు. ఇంటివారి మజ్జిగ చెంబు ఆ ప్రశ్న వెనుకనే వచ్చెడిది.

జంగమయ్యను చూడుడు. గృహస్థుడు ఆయనను సాక్షాత్తు శివునిగనే భావించును. ఆయన పాదము గడపలో పడుట తన పుణ్యమనుకొనును. అయినను జంగమయ్య తిన్నగా వంటయింటిలోనికి పోడు. వాకిట నిలుచును, గంట మ్రోగించును, శంఖ మూదును, పిలుచువఱకు వేచియుండును. ఎవని కన్ని యిండ్లును తనవియే కావచ్చునో ఆయనయే ఏ యింటిలోనికిని పిలువక పోడు. దీనిని మర్యాద యని ఊరకొనరాదు. దాసోహమనునది ఇచ్చువాని క్రియ. కొనిపోబడిన వస్తువును ఎవరును దాసోహము చేయజాలరు. అడిగినపుడు ఇచ్చిన చోటు దాసోహ మగును. అడుగక ఆక్రమించిన అదే చోటు, అదే మూడుగంటలు, అదే నీడ, నష్టమగును. కొలతలో భేదము లేదు. అపరిచితుడు కొనిపోయినది నేలను కాదు, గృహస్థు “నిలుపుకొనుము” అని చెప్పగలిగిన ఆ యొక్క మాటను. “నీ సొమ్మేమి పోయినది?” అను ప్రశ్నకు సరియైన సమాధాన మిదియే యని తోచుచున్నది. అడిగియుండినచో ఇచ్చియుండెడివాడనని గృహస్థు పదేపదే అనుచుండుటలోని బాధయు నిదియే. అతడు పిసినారి కాడు. ఇచ్చువాడు కాగలిగియుండి, పోగొట్టుకొనినవాడైనాడు.

ఇచ్చట ఒక నిజమును దాచరాదు. పూర్వపు అరుగు అందఱిదియు కాదు. కులమును బట్టి కొందఱికి అరుగుమీద కూర్చుండు హక్కు కాదుగదా, ఆ వీథిలో చెప్పులతో నడచు వీలుకూడ నుండెడిది కాదు. వాకిటికి వచ్చి అడుగుటకే తావులేని వానిని ‘ఏల అడుగలేదు?’ అని నిందించుట అన్యాయము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవన్న తలపెట్టిన కార్యమున ముఖ్యభాగము ఈ యడ్డును తొలగించుటయే. మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తనవారని చెప్పుకొనిన వాడాయన. పాత మర్యాదలను పొగడునపుడు మనవారు ఈ సంగతి మఱచుచుందురు. అడుగవలెనను ధర్మము, అడుగుటకు వీలైన వాకిలి యున్నచోటనే నిలుచును.

మరి అడుగుటకు సమయము లేని వేళల మాటయేమి? ఈ ప్రశ్నను రెండు దేశాంతర వ్యాజ్యములు చక్కగా విడమరచినవి. వానిలో బండికి మాఱు నావలు కలవు. చెఱువులెండిన సీమవారికి నావలతో పనియేమని అనుకొనవలదు. 1904వ సంవత్సరము నవంబరులో అమెరికాలోని చాంప్లేను సరస్సుపై ప్లూఫ్ అనునతడు భార్యతోను, ఇద్దఱు పిల్లలతోను చిన్న తెరచాప నావలో పోవుచుండగా ఉన్నట్టుండి పెనుగాలి లేచినది. సమీపద్వీపమున పుట్నం అనువాని సొంత రేవు కనబడగా నావను అచ్చట కట్టివేసినాడు. పుట్నం సేవకుడు, యజమాని చోటున పరుని నావ యేమని, కట్టు విప్పివైచినాడు. నావ ఒడ్డునకు గొట్టుకొని పగిలినది. అందఱును నీటబడి గాయపడిరి. వెర్మాంటు రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము 1908లో ప్లూఫ్ పక్షము వహించినది. ప్రాణాపాయమున పరుని చోట నిలుచుట తప్పు కాదు, అట్టివానిని తఱిమివేయుటయే తప్పు అని దాని సారము.

రెండవది 1905 నవంబరులో మిన్నెసోటా రాష్ట్రమున డులూత్ రేవున జరిగినది. సరకు దించుటకు వచ్చిన పెద్ద పొగయోడ పని ముగిసినను, తుఫాను చెలరేగుటచే బయలుదేరలేక అచ్చటనే నిలిచినది. త్రాళ్లు తెగిన కొలది నావికులు క్రొత్త త్రాళ్లు కట్టుచు వచ్చిరి. అలల తాకుడునకు ఓడ రేవుకట్టను మాటిమాటికి గొట్టి 500 డాలర్ల నష్టము కలిగించినది. 1910లో ఆ రాష్ట్రపు న్యాయస్థానము, ఓడవారు అచ్చట నిలుచుట సరియే ననియు, నావికుల నేర్పు మెచ్చదగినదే ననియు చెప్పుచునే, నష్టమును మాత్రము ఓడవారే చెల్లింపవలెనని తీర్మానించినది. తమ ఓడను కాపాడుకొనుటకై పరుని కట్టను తెలిసియే వినియోగించుకొనిరి గదా యని దాని తర్కము.

ఈ రెంటిని కలిపి చదివినపుడు సూక్ష్మమైన సంగతి యొకటి బయటపడును. ఆపద వచ్చినపుడు అడుగకయే నిలుచు హక్కు కలదు. అయినను ఋణము మాఫీ కాదు. తప్పు చేయకున్నను బాకీ పడవచ్చునన్నమాట. మన తగవులో అపరిచితునికి ఆపద లేదు. ఎండ యున్నది, విందు యున్నది, తొందర యున్నది. వీనిని తుఫాను క్రింద జమకట్టుటకు వీలులేదు. ఆస్పత్రి యెదుట కాన్పు నొప్పులతోనున్న స్త్రీని దింపుటకై ఎవని గేటులోనికైనను బండి పోనిచ్చినవానిని ఎవరును నిందింపరు. వాడును పని కాగానే పరుగెత్తుకొని వచ్చి తీసివేయును. తీయకపోయినచో అప్పటినుండి తప్పు మొదలగును.

గృహస్థు చేసిన పనిని కూడ ఈ వ్యాజ్యముల వెలుగున చూడవలసియున్నది. చక్రముల గాలి తీయుటకు, నావ కట్టు విప్పుటకు పోలిక కలదు. పుట్నం సేవకునికి నావలో పిల్లలున్న సంగతి అక్కఱ లేకపోయినది. గాలి తీయు సమయమున గృహస్థునకు సయితము ఆ కారు యజమాని ఎవడో, ఏ పనిమీద వచ్చినాడో తెలియదు. పెండ్లికి వచ్చినవాడని తరువాత తెలిసినది. పెండ్లికి గాక, ప్రక్కవీథిలో మరణశయ్యపై నున్న తండ్రిని చూడవచ్చినవాడైనచో? తన తల్లి ఆయాసము ఆ అపరిచితునికి తెలియలేదని కోపించిన గృహస్థు, అదే తెలియమితో తానును పని నడపినాడు. పైగా తల్లి ఆసుపత్రికి చేరినది, ప్రమాదము తప్పినది. గాలి తీసినందువలన ఆమెకు కలిగిన మేలు లేదు. ఆ కారు మరి రెండుగంటలు అచ్చటనే పడియుండుట తప్ప ఇంటివారికి దక్కినదియు లేదు.

చట్టము నాశ్రయించిన నేమగును? 1860 నాటి శిక్షాస్మృతిలో గాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో గాని, పరుని స్థలమున ప్రవేశించుట నేరమగుటకు దురుద్దేశము కావలెను. నేరము చేయుటకో, బెదరించుటకో, అవమానించుటకో, బాధించుటకో వచ్చినవాడై యుండవలెను. నీడకు వచ్చిన పెండ్లివానికి అట్టి ఉద్దేశమున్నదని చూపుట కష్టము. మఱి పరుని వస్తువునకు కావలెనని నష్టము చేయుట నేరమని అదే చట్టము చెప్పుచున్నది గనుక, రక్షకభట నిలయమున గాలి తీసినవాని స్థితియే చిక్కుగా నుండును. వీథిలో ఇంటి ప్రవేశమునకు అడ్డముగా వాహనము నిలుపరాదని 1989 నాటి రహదారి నిబంధనలును, వాని స్థానమున వచ్చిన 2017 నాటి నిబంధనలును చెప్పుచున్నవి. కాని గేటు దాటి లోపలికి వచ్చినచో అది రహదారి కాదు. ఇంగ్లండులోను ఇదే తమాషా. సొంత ఆవరణలో పరుని కారు నిలిచినచో అది సాధారణముగా సివిలు వ్యవహారముగనే ఎంచబడును. దాని చక్రమునకు అనుమతి లేక బిగింపు వేయుట 2012 నాటి చట్టముచే నేరమైనది. వీథిలో అడ్డముండు కారుకన్న ఇంటిలో అడ్డముండు కారును తొలగించుటయే దుర్ఘటము.

వీనికన్న వింతయైన సంగతి సౌకర్యపు హక్కుల చట్టమున కలదు. అది 1882లో వచ్చినది. అనంతపురము జిల్లా బళ్లారి నుండి వేఱుపడినదియు ఆ యేడే. ఆ చట్టము ప్రకారము ఒకడు పరుని నేలపై బండిబాటను శాంతముగా, బహిరంగముగా, హక్కువలె, ఎడతెగక 20 సంవత్సరములు వాడుకొనినచో అది నిజముగనే హక్కగును. ‘హక్కువలె’ అను మాటలో మర్మమున్నది. అనుమతి పుచ్చుకొని నడచినవాడు హక్కువలె నడచినవాడు కాడు. వాడు నూరేండ్లు నడచినను హక్కు పుట్టదు. వానిది అనుమతి మాత్రమే, ఇచ్చినవాడు మరల పుచ్చుకొనవచ్చును. వేరుసెనగ కల్లమునుండి పొరుగు చేని మీదుగా బండి తోలుకొను రైతులలో, ఏటేట “అన్నా, తోలుకొందునా” అని అడిగినవానికి హక్కు రాలేదు. అడుగక తోలినవానికి వచ్చినది! ఒడ్డు పొడవునను అడిగిన మర్యాదస్థుడు వ్యాజ్యమున ఓడిపోవుటయు, అడుగని మొండివాడు గెలుచుటయు విని ధర్మజ్ఞులు విస్తుపోవుదురు. కాని దీనికి రెండవ ముఖము కూడ కలదు. “ఈనాడు నిలుపుకొననిచ్చిన రేపు హక్కనును” అని భయపడి గేటు బిగించుకొను గృహస్థులు పెక్కుమంది కలరు. వారి భయము నిరాధారము. అడిగినవానికి ఇచ్చినది ఎన్నటికిని హక్కు కాదు. కనుక ఇచ్చువాడు నిర్భయముగా ఇయ్యవచ్చును. అడుగుట ఇంటివానికి రక్ష యగుచున్నది.

ఇంత విచారమేల, శరణుడైనవాడు ఓర్చుకొనవలదా యని అడుగువారు కలరు. ఇది మఠములలో వినవచ్చు ప్రశ్న. తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆలనుండి ఆవులను దొంగలు తోలుకొనిపోయిన వేళ కేకలు వేయవలదని, కొనిపోయినవాడును సంగమదేవుడే యని భావించిన బసవన్న, ఒక కారు మూడుగంటలు నిలిచినందుకు గాలి తీయుమనునా? అనడు. అయినను ఆ బసవన్నయే బిజ్జలుని భాండాగారమునకు అధికారి. జంగమార్చనకు రాజధనమును ఖర్చుపెట్టుచున్నాడని కొండెములు చెప్పగా, లెక్కించి చూచినపుడు ధనము తఱుగక యుండెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథ అందఱికిని తెలిసినదే. తన ఆవులను విడిచిపెట్టినవాడు రాజు ధనమును లెక్క తప్పనీయలేదు. తనది విడుచుట వేఱు. తన చేతిలో నుంచబడిన పరుల దానిని విడుచుట వేఱు. ఈ భేదమును మఱచినచో ఓర్పు అనునది అజాగ్రత్తకు పేరగును.

గృహస్థు తన నీడను, తన సిమెంటును క్షమింపవచ్చును. తల్లికి ఊపిరాడని వేళ అడ్డముండిన దారి అతనిది మాత్రమే కాదు, అది ఆమెది. దానిని ఆమె పక్షమున క్షమించుటకు అతనికి అధికారము లేదు. కావున కారు తీయుమని గట్టిగా అడుగుటయు, మండపమున చాటించుటయు, అవసరమైనచో పదిమందిని పిలిచి ప్రక్కకు నెట్టించుటయు అతని విధి. దారి యేర్పడుటకై చేసినదంతయు తల్లికొఱకు. దారి అక్కఱ తీరిన పిమ్మట చేసినది, అనగా గాలి తీయుట, ఎవరి కొఱకు? ఈ ప్రశ్నకు గృహస్థుడే ఒంటరిగా కూర్చుండినపుడు సమాధానము చెప్పుకొనవలెను.

మఱియొక సంగతి. ‘మా వాకిలి’ అని గర్జించువారి వాకిండ్లను కొంచెము కొలిచి చూచుట మంచిది. కారు ఎక్కుటకని గేటు ముందు వేసిన సిమెంటు వాలు తఱచుగా పురపాలకపు మురుగుకాలువ మీదుగా పోయి వీథిలో మూడడుగులు దిగును. ఆ పిమ్మట రెండు బండరాళ్లు, ఒక ఇనుపగొలుసు, “ఇచ్చట వాహనములు నిలిపిన గాలి తీయబడును” అను బోర్డు. ఆ నేల పత్రములలో ఎవరిది? వీథిది. పదిమంది నేలపై, పదిమందిని అడుగక, తన రాళ్లు నిలిపినవాడు, తన నేలపై అడుగక కారు నిలిపినవానిని దొంగ యనుచున్నాడు. 2019లో పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారము ఉత్పత్తి మొదలుపెట్టినది. ఎద్దులబండ్ల సీమ కార్ల సీమ యైనది. కార్లు పెరిగిన వేగమున వీథులు పెరుగలేదు. వేయిమంది పట్టు కల్యాణమండపము కట్టించి, బండ్లు నిలుపుటకు పది గజముల చోటైనను విడువని యజమాని ఈ తగవులో ఎచ్చటను కనబడడు. ఇద్దఱు పొరుగువారిని వీథిలో కొట్లాడవిడిచి తాను బాడుగ లెక్కించుకొనుచుండును. నిజము చెప్పవలెనన్న, ఈ తగవులో మొదటి ముద్దాయి అతడే.

ఇక మిగిలినది కష్టమైన సందర్భము. అడుగవలెనని బుద్ధి యున్నను అడుగుట ఎట్లు? నేటి యింటికి అరుగు లేదు. గేటుపై “కుక్క కలదు జాగ్రత్త” అని వ్రాసియున్నది. గంట నొక్కిన పలుకరు, పలికినను కిటికీ సందునుండి “ఎవరు కావలె?” అని గద్దించు స్వరము. ఇట్టి గేటు ముందు నిలిచినవానికి అడుగుటకన్న అడుగకుండుటయే సులువు. అరుగు తీసివైచి గేటు పెట్టినపుడు గృహస్థు తనకు తెలియకయే అడుగువానిని దూరము చేసికొనినాడు. అపరిచితుని తప్పు దీనిచే తఱుగదు. కాని అట్టి తప్పులు పెరుగుటకు తావిచ్చిన దిదియే.

అదే వైశాఖమాసపు పగటివేళను మరల తలచుకొందము. ఇంటివారు లోపల నిదురించుచున్నారు, పిలిచినను ఎవరును రాలేదు. అపరిచితుడు కారును గేటు లోపలికి గాక, గోడవారగా, దారి విడిచి నిలిపినాడు. అద్దము లోపల ఒక చీటీ యుంచినాడు. “అయ్యా, పిలిచితిని, ఎవరును పలుకలేదు. మండపమున పెండ్లికి వచ్చినాను. తీయవలసినచో ఈ నంబరునకు ఫోను చేయుడు, వెంటనే వత్తును” అని. నడిమధ్యాహ్నమున వృద్ధురాలికి ఆయాసము వచ్చినది. దారి యున్నను మలుపు తిప్పుటకు ఇరుకైనది. గృహస్థు ఫోను చేసినాడు. అయిదు నిమిషములలో అపరిచితుడు విస్తరిముందునుండి లేచి, ఎంగిలిచేతితో పరుగెత్తుకొని వచ్చి, ఎడమచేత తాళము త్రిప్పి, కారును వెనుకకు తీసినాడు. గృహస్థు తల్లిని కూర్చుండబెట్టుకొని వెడలిపోయినాడు. ఇంటి ఇల్లాలు గేటు దగ్గర నిలిచి, ఆ చేతిని చూచి, లోపలికి పోయి చెంబుతో నీరు తెచ్చి పోసినది. ఆ దినము వారి వీథికి ట్యాంకరు వచ్చు దినము కాదు.